పాత బంకు, మిల్లు, బ్యాటరీ షెడ్డు ఉన్న స్థలంలో ఇల్లు కట్టే ముందు మట్టిని ఎలా పరీక్షించాలి, ఎలా బాగుచేయాలి

కర్నూలు వన్‌టౌన్ సందుల్లో గానీ, అనంతపురం, కడప నగరాల నడిబొడ్డున గానీ ఇప్పుడు ఖాళీ స్థలం దొరకడం అరుదు. దొరికిందంటే అది చాలావరకు ఒకప్పటి నూనె మిల్లో, పెట్రోలు బంకో, లారీల మెకానిక్ షెడ్డో, బ్యాటరీలు బాగుచేసిన కొట్టో, పురుగుమందుల గోడౌనో అయి ఉంటుంది. అలాంటి స్థలం కొనవచ్చా, అందులో కాపురముంటే పిల్లలకు ఏమైనా అవుతుందా, పైన నాలుగు టిప్పర్ల గ్రావెల్ తోలించి చదును చేస్తే సరిపోదా అని నన్ను అడిగేవారు ఏటేటా పెరుగుతున్నారు. అందుకే ఆ పని చేసే వరుసను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. మూడో ప్రశ్నకు జవాబు మాత్రం ముందే చెబుతాను: సరిపోదు. గ్రావెల్ కింద విషం అలాగే ఉంటుంది, పునాది తవ్విన రోజున మళ్ళీ పైకి వస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

చేతితో తిప్పి మట్టిని తొలిచే ఆగర్, గడ్డపార, పార, స్టీలు గరిటె, శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్లు, ల్యాబ్ వారే ఇచ్చే వెడల్పు మూతి గాజు సీసాలు, మందపాటి పాలిథీన్ సంచులు, చెరగని మార్కర్, ఐసు పెట్టె, డిస్టిల్డ్ వాటర్, సబ్బు నీళ్ళు, నైట్రైల్ చేతితొడుగులు, ఎన్95 మాస్కు, కొలత టేపు, ఒక నోటుపుస్తకం కావాలి. వీటితోపాటు స్థలం నక్షాను మీరే చేత్తో గీసుకోండి. డాక్యుమెంటులో ఉండే నక్షాలో సరిహద్దులు ఉంటాయి గానీ బాయిలరు ఎక్కడ ఉండేదో ఉండదు.

1. స్థలం గతాన్ని తవ్వండి

పారకు పని చెప్పే ముందు కాగితాలకు, మనుషులకు పని చెప్పాలి. ఇందులో ఖర్చయ్యేది తక్కువ, దొరికేది ఎక్కువ. ముందుగా ఈసీ (స్థలం లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. కంప్యూటర్‌లో తీసే ఈసీలో సాధారణంగా 1983 నుంచి జరిగిన లావాదేవీలే కనిపిస్తాయి కాబట్టి, అంతకు ముందువాటి కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పుస్తకాలు వెతికించవలసి ఉంటుంది. అయితే స్థలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో ఈసీ చెబుతుంది తప్ప, అక్కడ ఏ పని జరిగిందో చెప్పదు. ఆ సంగతి పాత కరెంటు బిల్లులోని కేటగిరీ, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఫ్యాక్టరీల శాఖ లైసెన్సు, బంకు అయితే పెట్రోలియం నిల్వ లైసెన్సు చెబుతాయి. లైసెన్సుతోపాటు ఉండే ప్లానులో భూగర్భ ట్యాంకులు ఎక్కడున్నాయో గీసి ఉంటుంది. ఆ కాగితం సంపాదించగలిగితే సగం పని అయినట్టే.

తరువాత వీధిలోని పెద్దవారిని, ఆ కొట్టులో పనిచేసిన హమాలీలను, మెకానిక్కులను కలవండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏమిటంటే, "ఈ స్థలం మంచిదేనా పెద్దాయనా?" అని అడిగి, "బంగారం లాంటి స్థలం నాయనా" అనిపించుకొని తిరిగి రావడం. అలా కాకుండా వాడిన యాసిడ్ ఎక్కడ పారబోసేవారు, ఇంజిన్ ఆయిలు మార్చితే పాత ఆయిలు ఎక్కడ పోసేవారు, డీజిల్ డ్రమ్ములు ఏ గోడకు ఆనించేవారు, వాన నీళ్ళు ఏ మూలకు పారేవి, బావి ఉండేదా, దాన్ని ఎప్పుడు, దేనితో పూడ్చారు అని విడివిడిగా అడగండి. పూడ్చిన బావిని తేలికగా తీసుకోవద్దు. పాత కొట్లలో బావి ఎండిపోగానే అది చెత్తగుండం అయ్యేది. షెడ్డులోని పనికిరాని సరుకంతా నేరుగా భూగర్భజలం దాకా దిగిన చోటు అదే.

గతాన్నిబట్టి అనుమానం ఎంత పెట్టుకోవాలో నా అభిప్రాయం ఇది. వేరుశనగ నూనె మిల్లు, పప్పుల మిల్లు, జిన్నింగు మిల్లు పేరు విని భయపడనవసరం లేదు. అక్కడ ఇంజిను గది, బాయిలరు, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న చోట్లు, పైకప్పు రేకులు చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. చెక్క నుంచి ద్రావకంతో నూనె తీసే ప్లాంటు అయితే హెక్సేన్ నిల్వ చేసిన చోటు కూడా చూడాలి. బంకులో పెట్రోలు, డీజిల్ కారుడుతోపాటు సీసం (లెడ్) అనే లోహాన్ని కూడా అనుమానించాలి, ఎందుకంటే మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరిలో గానీ పూర్తిగా ఆగలేదు. పత్తి మందులు నిల్వ చేసిన గోడౌను మరీ జాగ్రత్తగా చూడవలసినది. బీహెచ్‌సీ అనే పురుగుమందును 1997లో నిషేధించారు, ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. బీహెచ్‌సీ లాంటి మందులు మట్టిలో దశాబ్దాలపాటు నిలిచి ఉంటాయి. బ్యాటరీల పని, సీసం కరిగించడం, లోహాలకు పూత వేయడం, తోళ్ళ శుద్ధి జరిగిన స్థలాలు అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదకరమైనవి.

2. నడిచి చూడండి, ముట్టుకోకండి

ఎండ ఏటవాలుగా పడే ఉదయం పూట స్థలమంతా నెమ్మదిగా నడవండి. సర్కారు తుమ్మ కూడా మొలవని బోడి మచ్చలు, నూనె తాగి నల్లబడిన నేల, గోడ అడుగున తెల్లగా పేరిన ఉప్పు, భూమిలోంచి పైకి వచ్చిన గాలిగొట్టం, కుంగిన చోట్లు, కొత్తగా గ్రావెల్ పోసిన చోట్లు నక్షాలో గుర్తించండి. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసే అలవాటు మేస్త్రీలకు కూడా ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు, చేయనివ్వవద్దు.

పైకప్పు పాత సిమెంటు రేకులైతే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకోండి. వాటిని సుత్తితో పగలగొట్టి కిందికి తోసే పద్ధతి మన దగ్గర ఎక్కువ. అలా చేస్తే కంటికి కనిపించని నారపోగులు పనివారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రేకులను నీటితో తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా దింపి, ప్లాస్టిక్ షీటులో చుట్టి పక్కన పెట్టించండి.

3. ఎక్కడ, ఎంత లోతు తవ్వాలో తేల్చుకోండి

పది సెంట్ల స్థలమైతే, అనుమానం ఉన్న ప్రతి చోటా ఒకటి చొప్పున, మిగతా నేలలో మరో మూడు నాలుగు, మొత్తం ఎనిమిదికి తగ్గకుండా గుంతలు పెట్టమని నేను చెబుతాను. ప్రతి గుంతలో పై 15 సెంటీమీటర్ల మట్టి, అర మీటరు లోతు, ఒక మీటరు లోతు విడివిడిగా తీయాలి. ట్యాంకు లేదా బావి ఉన్న చోట దాని అడుగు కన్నా కిందికి పోవాలి. ఇవి కాక, ఏ పరిశ్రమా లేని చోటు నుంచి, అదే రకం నేలలో, పోల్చుకోవడానికి ఒక నమూనా తప్పనిసరిగా తీయాలి. అనంతపురం ప్రాంతంలో భూగర్భజలంలో ఫ్లోరైడ్ రాళ్ళ నుంచే సహజంగా వస్తుంది. పోలిక నమూనా లేకపోతే ఆ దోషాన్ని స్థలానికి అంటగట్టి, అసలు దోషాన్ని వదిలేసే ప్రమాదం ఉంది.

"మాది రేగడి నేల, నీళ్ళే ఇంకవు, యాసిడ్ ఏం దిగుతుంది" అనే మాట తరచుగా వింటాను. తడిసిన రేగడి నిజంగానే నీటిని దిగనివ్వదు. కానీ ఎండాకాలంలో అదే నేల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, ఆ నెర్రెల్లో పోసిన ఆయిలు మెత్తటి ఇసుకలో కన్నా త్వరగా లోతుకు పోతుంది. కడప, నంద్యాల వైపు సున్నపురాయి ఉన్న చోట్ల ఇంకో చిక్కు ఉంది. రాతిలోని సందులు, సొరంగాల వెంట నీరు ఎటు పోతుందో పైనుంచి తెలియదు కాబట్టి, పక్కింటి బోరు బాగుందని నాలుగో ఇంటి బోరు కూడా బాగుంటుందని అనుకోరాదు.

కర్నూలు పాతపట్టణంలో మరొకటి గమనించాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి ఊరిని ముంచినప్పుడు ఇళ్ళలోను, కొట్లలోను ఒండ్రు నిలిచిపోయింది. బ్యాటరీల పని జరిగిన ఒక స్థలంలో, మొదట తీసిన రిపోర్టు శుభ్రంగా వచ్చినా నమ్మబుద్ధికాక, నేను దగ్గరుండి ఒక గుంత తవ్వించాను. పైన జానెడు ఎర్ర గ్రావెల్, దాని కింద బెత్తెడు మందాన పాలిపోయిన మెత్తటి ఒండ్రు, ఆ ఒండ్రు కింద బూడిదరంగు మట్టి, అందులో విరిగిన సీసపు పలకల ముక్కలు, నల్లటి ప్లాస్టిక్ పెంకులు కనిపించాయి. మొదట నమూనా తీసినవారు గ్రావెల్‌ను, ఒండ్రును మాత్రమే సంచిలో వేసుకొని పోయారు. వారి రిపోర్టులో అబద్ధం లేదు, కానీ వారు పరీక్షించింది ఆ స్థలాన్ని కాదు. అందుచేత ఎంత లోతు తవ్వాలన్న ప్రశ్నకు సెంటీమీటర్లలో జవాబు వెతకకండి. తరువాత వచ్చి చేరిన మట్టి పూర్తయి, పాత నేల కనిపించిన చోటే మీ "పై 15 సెంటీమీటర్లు" మొదలవుతాయి.

4. నమూనా తీయండి

ఒక గుంత నుంచి ఇంకో గుంతకు పోయేటప్పుడు ఆగర్‌ను సబ్బు నీళ్ళతో కడిగి, చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ కడిగి, తొడుగులు మార్చండి. శుభ్రమైన చోటు నుంచి మొదలుపెట్టి మురికి చోటికి పోవాలి, తిరగేసి చేయకూడదు. లోహాల కోసం తీసే మట్టిని పాలిథీన్ సంచిలో వేయవచ్చు. పెట్రోలు, ద్రావకాల కోసం తీసే మట్టిని మాత్రం తవ్విన వెంటనే గాజు సీసాలో ఖాళీ లేకుండా నింపి, మూత బిగించి ఐసులో పెట్టాలి. దాన్ని బకెట్‌లో వేసి కలిపితే వాయువు గాలిలో కలిసిపోయి రిపోర్టు "ఏమీ లేదు" అని వస్తుంది. సీసా మీద గుంత నంబరు, లోతు, తేదీ, సమయం రాసి, పక్కన టేపు పెట్టి గుంతకు ఫోటో తీయండి. ప్రతి పది నమూనాలకు ఒకదాన్ని రెండుగా పంచి, రెండో దానికి వేరే నంబరు వేసి పంపండి. ల్యాబ్‌ను సరిచూసుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

స్థలంలో బోరు ఉంటే పది నిమిషాలు నీళ్ళు వదిలేసి ఆ తరువాత పట్టండి. లోహాల పరీక్ష కోసం నీటిలో నైట్రిక్ యాసిడ్ కలపాలి కాబట్టి అది ముందే పోసిన సీసా ల్యాబ్ నుంచి తెచ్చుకోండి. వీలైతే వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి నీటిని చూడాలి.

ఒక మీటరు దాటిన గుంతలోకి పక్కలకు దన్ను లేకుండా మనిషిని దించకండి. ఆగర్‌తో పైనుంచే తీయండి.

5. సరైన పరీక్ష అడగండి

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. బిల్డరు "సాయిల్ టెస్టు చేయించాం" అంటే అది నేల ఎంత బరువు మోస్తుందో చూసే పరీక్ష. వ్యవసాయ శాఖ ల్యాబ్ ఇచ్చేది నత్రజని, భాస్వరం, పొటాష్ లెక్క. ఈ రెండింటిలో ఏదీ సీసం గురించి చెప్పదు. ప్రొద్దుటూరు, కర్నూలు బంగారు దుకాణాల్లో ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంలో మట్టి పెట్టి చూపించుకున్నామని చెప్పినవారు కూడా ఉన్నారు. ఆ యంత్రాన్ని బంగారం మచ్చు చూడటానికి సరిచేసి ఉంచుతారు, మట్టికి అది చూపే అంకెను నమ్మరాదు.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతను చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌నే ఎంచుకోండి. గుర్తింపు ల్యాబ్ మొత్తానికి కాదు, ఒక్కొక్క పరీక్షకు విడివిడిగా ఉంటుంది కాబట్టి, మట్టిలో సీసం పరీక్ష వారి జాబితాలో ఉందా అని అడగండి. బ్యాటరీ కొట్టు అయితే సీసం, ఆర్సెనిక్, యాంటిమొని, కాడ్మియం, పీహెచ్ అడగాలి. బంకు, మెకానిక్ షెడ్డు అయితే మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు, బెంజీన్ వర్గం, సీసం అడగాలి. పూత పని, తోళ్ళ పని జరిగి ఉంటే మొత్తం క్రోమియంతోపాటు, అందులో ఎక్కువ విషమైన రూపం ఆరు వేలెన్సీ క్రోమియాన్ని వేరుగా అడగాలి. మందుల గోడౌను అయితే ఆర్గానోక్లోరిన్ పురుగుమందులు (బీహెచ్‌సీ, ఎండోసల్ఫాన్ లాంటివి) అడగాలి. నేల బరువు మోసే శక్తిని (బేరింగ్ కెపాసిటీని) చూడటానికి ఎలాగూ బోరు వేస్తారు కాబట్టి, అదే బోరు నుంచి లోతు మట్టి తీసుకుంటే డబ్బు కలిసివస్తుంది.

6. రిపోర్టు చదవండి

మొదట యూనిట్లు చూడండి. మట్టికి కిలోకు మిల్లీగ్రాములు, నీటికి లీటరుకు మిల్లీగ్రాములు ఉండాలి. "గుర్తించబడలేదు" అని ఉంటే, ఎంత కంటే తక్కువైతే వారి యంత్రం గుర్తించలేదో ఆ అంకె అడగండి. ఆ అంకె మీరు పోల్చుకునే హద్దు (దాటకూడని పరిమితి) కన్నా పెద్దదైతే ఆ గడికి అర్థం లేదు. పంచి పంపిన నమూనా రెండు ఫలితాలు ఒకదానికొకటి రెట్టింపు తేడాతో ఉంటే మళ్ళీ చేయించండి.

నివాస స్థలాల మట్టిలో సీసానికి కెనడా వాడే హద్దు కిలోకు 140 మిల్లీగ్రాములు. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో తన పరిశీలన హద్దును 400 నుంచి 200కు తగ్గించింది. పిల్లలు తిరిగే ఇల్లు కట్టబోయేవారు 140నే పట్టుకోవాలని నా సలహా. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు సీసం 0.01, ఆర్సెనిక్ 0.01, మొత్తం క్రోమియం 0.05, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు దాటరాదు.

అన్ని గుంతల ఫలితాలను కలిపి సగటు తీసే తప్పు మాత్రం చేయవద్దు. యాసిడ్ పారబోసిన మూలలో వేలల్లో ఉన్న సీసాన్ని మిగతా ఏడు గుంతలు సగటులో మింగేస్తాయి, పాప ఆడుకునేది ఆ మూలలోనే కావచ్చు.

నీటిలో కూడా దోషం కనిపించినా, అది మీ ప్రహరీ దాటి పక్కవారి బోరుకు చేరిందని అనుమానం ఉన్నా, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరు కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయండి. కలుషిత స్థలాల నిర్వహణ కోసం కేంద్రం 2025 జూలైలో ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాలను జిల్లా యంత్రాంగం గుర్తించి తెలిపితే, మండలి ప్రాథమిక పరిశీలన, ఆపైన వివరమైన సర్వే జరపాలి. పాడుచేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే నిలబెట్టింది. స్థలం ఇంకా కొనకపోతే రిపోర్టును అమ్మేవారి ముందు పెట్టి, శుద్ధి ఎవరు చేయించాలో అగ్రిమెంటులోనే రాయించుకోండి.

7. శుద్ధి మార్గం ఎంచుకోండి

చెడిన మట్టి కొద్ది మేరకే ఉంటే తవ్వి తీసివేయడమే మంచిది. అయితే ఆ మట్టి ఎక్కడికి పోతుందో మీకు తెలియాలి. దాన్ని రాత్రికి రాత్రి హంద్రి ఒడ్డునో, ఊరి బయట గుంతలోనో దింపించడం నేరం, పైగా మీ విషాన్ని ఇంకొకరి పిల్లలకు ఇవ్వడం. ల్యాబ్‌లో టీసీఎల్‌పీ పరీక్ష (మట్టిలోని విషం ద్రవంలోకి ఎంత దిగుతుందో చూసే పరీక్ష) చేయిస్తే, అలా దిగిన ద్రవంలో సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములకు చేరిన మట్టి ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. దాన్ని అనుమతి ఉన్న వ్యర్థ కేంద్రానికి పత్రాలతో పంపాలి. అనకాపల్లి జిల్లా పరవాడలో అలాంటి కేంద్రం ఉంది. దూరం ఎక్కువ కాబట్టి, చెడిన మట్టిని మంచి మట్టితో కలవనివ్వకుండా వేరుగా తవ్వితే రవాణా ఖర్చు చాలా తగ్గుతుంది.

డీజిల్, ఇంజిన్ ఆయిలు తాగిన మట్టికి చవకైన మార్గం ఉంది. దాన్ని మందపాటి షీటు మీద మీటరు ఎత్తు కుప్పగా పోసి, కొద్దిగా యూరియా, సూపర్ ఫాస్ఫేటు కలిపి, పిండితే ముద్దయ్యేంత తేమ ఉంచి, పైన కప్పి, వారానికోసారి తిరగేస్తే మట్టిలోని సూక్ష్మజీవులే డీజిల్‌ను నెలల వ్యవధిలో చాలావరకు తినేస్తాయి. పాత ఇంజిన్ ఆయిలు నెమ్మదిగా పోతుంది, అందులోని లోహాలు పోనే పోవు. మన ఎండలు ఈ పనికి అనుకూలం, కానీ కుప్ప ఎండిపోతే పని ఆగిపోతుంది. పెట్రోలు మట్టిని ఇళ్ళ మధ్య ఇలా ఆరబెట్టకూడదు, దాని వాయువు పక్కింట్లోకి పోతుంది.

సీసం స్థలమంతా పరుచుకొని ఉంటే మూసివేయడం ఇంకో మార్గం. రంగు జియోటెక్స్‌టైల్ (నేలలో పరిచే గట్టి బట్టలాంటిది) షీటు పరిచి, దానిపైన రెండడుగుల శుభ్రమైన మట్టి లేదా కాంక్రీటు వేయాలి. ఇది వట్టి గ్రావెల్ తోలడం కాదా అని అడగవచ్చు. కాదు, కింద ఏముందో కొలిచి, గుర్తు పరిచి, నక్షాలో రాసుకొని మూయడం వేరు. యాసిడ్ నేలకు సున్నం కలపమని ఎవరైనా చెబితే తొందరపడకండి. సున్నం సీసాన్ని కొంతవరకు పట్టి ఉంచుతుంది, కానీ క్షారం పెరిగితే ఆర్సెనిక్, ఆరు వేలెన్సీ క్రోమియం మరింత కదులుతాయి, మరీ ఎక్కువైతే సీసం కూడా తిరిగి కరుగుతుంది.

8. భూగర్భ ట్యాంకు ఉంటే

దీన్ని మీ మేస్త్రికి అప్పగించవద్దు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం. గాలి కన్నా బరువైన పెట్రోలు ఆవిరి ఏళ్ళ తరబడి అడుగున ఉంటుంది, గ్యాస్ కట్టరు నిప్పురవ్వ ఒక్కటి చాలు. శుభ్రం చేయడానికి మనిషిని లోపలికి దించితే అతడు స్పృహ తప్పుతాడు, కాపాడటానికి దిగినవాడూ తప్పుతాడు. బంకు నడిపిన ఆయిలు కంపెనీ చేత గానీ, అనుమతి ఉన్న కాంట్రాక్టరు చేత గానీ వాయువు కొలిపించి, ఆవిరి పూర్తిగా తీయించిన తరువాతే పైకి ఎత్తించండి.

9. శుద్ధి అయిందో లేదో చూడండి

కంటికి మట్టి బాగుందని గుంత పూడ్చవద్దు. తవ్విన గుంత అడుగు నుంచి, నాలుగు గోడల నుంచి నమూనాలు తీసి, ఫలితం వచ్చేవరకు తెరిచే ఉంచి, చుట్టూ కంచె వేయండి. ఏ గోడలో హద్దు దాటిందో ఆ వైపు ఇంకో అడుగు తవ్వి మళ్ళీ పరీక్షించాలి. బయటి నుంచి తెచ్చే గ్రావెల్‌ను కూడా ఒకసారి పరీక్షించండి, అది ఇంకొకరి షెడ్డు మట్టి కావచ్చు. ఆ స్థలంలో ఇప్పటికే పిల్లలు ఉంటున్నట్టయితే, మట్టి రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరును కలిసి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.

10. కట్టేటప్పుడు

పెట్రోలు, ద్రావకాల ఆవిరి వచ్చే స్థలంలో సెల్లారు వద్దు. కింద గాలి ఆడే పార్కింగు ఉంచి స్తంభాల మీద కట్టండి. ఇంకుడు గుంత మంచిదే, మున్సిపాలిటీ అడుగుతుంది కూడా, కానీ దాన్ని చెడిన మట్టి ఉన్న వైపు తవ్వితే ప్రతి వానా విషాన్ని లోతుకు తోస్తుంది. శుభ్రమని తేలిన మూలకు మార్చండి, అలాంటి మూలే లేకపోతే పైకప్పు నీటిని ట్యాంకులో పట్టుకోండి. కొత్త బోరు చెడిన పొర గుండా వేయక తప్పకపోతే కేసింగు చుట్టూ సిమెంటు పోయించండి. ఆకుకూరలు, కరివేపాకు నేలలో కాకుండా తెచ్చిన మట్టితో తొట్లలో పెంచండి.

మూసివేసిన చోట్ల నక్షా, రిపోర్టులు, ఫోటోలు లింకు డాక్యుమెంట్లతోపాటే దాచండి, ఫ్లాట్లు అమ్మితే అసోసియేషన్‌కు ఒక ప్రతి ఇవ్వండి. పదేళ్ళ తరువాత డ్రైనేజీ పైపు కోసం తవ్వే మనిషి పారకు ఆ రంగు షీటు తగిలినప్పుడు, అక్కడే ఆగి తొడుగులు వేసుకోవాలని, తీసిన మట్టిని గోనెపట్టా మీదనే పోసి మళ్ళీ అదే గుంతలో వేసి, షీటు సరిచేసి పైన మంచి మట్టి కప్పాలని ఆ నక్షా మీదే రాసి పెట్టండి.